పనిముట్టు వెల



నేడు నేను ముచ్చటింపబూనిన విషయము మిక్కిలి చిన్నది; ఏ పండితసభయందును చర్చకు రానిది; అయినను ఇనుప సామానుల అంగడి ముందు నిలిచిన ప్రతి గృహస్థునకును, ప్రతి వడ్రంగికిని, యంత్రశాలలో కొత్తగా చేరిన ప్రతి కుర్రవానికిని ఏదో యొకనాడు ఎదురుపడక తప్పనిది. ఒకే వెడల్పు, ఒకే ఆకారము గల రెండు ఉలులు బల్లమీద పక్కపక్కన పడియుండును. ఒకదాని వెల మనము రెండవ ఆలోచన లేక జేబునుండి తీసి ఇయ్యదగినది. రెండవదాని వెల దానికి పది రెట్లు, ఒక్కొక్కప్పుడు ఇరువది రెట్లు. అంగడివాడు ఆ రెండవదానిని మన చేతికిచ్చి, "పిండి కొద్దీ రొట్టె గదండీ" అనును. పక్కన నిలిచిన అనుభవశాలి యొకడు, "పనితనం చేతిలో ఉంటుంది గాని ఉలిలో ఉంటుందా?" అని పెదవి విరుచును. ఈ ఇద్దరిలో ఎవరి మాట వినవలెనో తేలవలెనన్నచో, ఆ హెచ్చు సొమ్ము దేనికి పోవుచున్నదో ముందుగా విచారింపవలెను.

పనిముట్టు వెలలో కొంత భాగము లోహమునకును, ఆ లోహమునకు పెట్టిన పాయనమునకును, అనగా కాల్చి చల్లార్చి గట్టిపరచు పనికిని, పోవును. కొంత భాగము, కొలిమినుండి వెలువడిన ముతక రూపమును సమముచేసి, నునుపుచేసి, కొన్నవాడు కొన్నట్లే పనిలోనికి దించుటకు వీలుగా సిద్ధపరచిన చేతిపనికి పోవును. తక్కినది పేరునకును, పెట్టెకును, ఇత్తడి కట్లకును పోవును. ఈ కడపటి దానిని గూర్చి నేను మాటాడను. ఎవరి ముచ్చట వారిది. మొదటి రెంటికి నడుమగల భేదమే నేను చెప్పబోవు సర్వమునకును ఆయువుపట్టు. చేతిపనిలో తక్కువైన దానిని కొన్నవాడు తన రెక్కల కష్టముతో పూరించుకొనవచ్చును. ఉక్కులోను, పాయనములోను తక్కువైన దానిని ఎంత కష్టపడినను ఇంట కూర్చుండి పూరించుకొనుట అలవిగాదు. కనుక పనిముట్టు చౌకయా ప్రియమా అని గాక, దానియందలి లోపము నాచేత దిద్దుబాటు కాగలదా, కాజాలదా అని అడుగవలెనని నా మనవి.

ఉలి యంచునందు ఏమి జరుగుచున్నదో ఒకింత దగ్గరగా చూతము. ఇనుములో కొద్దిపాటి కర్బనము చేరినచో ఉక్కగును. ఉలికి తగిన ఉక్కునందు అది నూటికి ఇంచుమించు ఒక పాలుండును. అట్టి ఉక్కును నిండు ఎరుపు వచ్చువరకు, అనగా సుమారు 800 డిగ్రీల సెంటిగ్రేడు వరకు కాల్చి, నీటనో నూనెలోనో ఒక్కపెట్టున ముంచినచో అది గాజువలె కఠినమై, గాజువలెనే పెళుసై నిలుచును. అప్పుడు దానిని పనికి పెట్టినచో మొదటి సమ్మెటదెబ్బకే అంచు ముక్కలై రాలును. కావున కమ్మరి దాని ముఖమును తోమి తళతళలాడునట్లు చేసి, మరల మెల్లగా వేడిచేయును. ఆ మెరుగుమీద రంగులు నడచివచ్చును: 220, 230 డిగ్రీలకు ఎండుగడ్డి వన్నె, 250 దాటునప్పటికి గోధుమ వన్నె, 280 దగ్గర వంగపండు చాయ, 300 నాటికి నీలము. ఉలికి గడ్డివన్నె చాలును. కమానుకు నీలము కావలెను. గడ్డివన్నెకును నీలమునకును నడుమనున్నది డెబ్బది ఎనుబది డిగ్రీల దూరమే. ఆ దూరమును కంటితో కొలిచి, తగిన క్షణమున మరల చల్లార్చగలవాడే కమ్మరి. ఒక్క క్షణము పరాకుపడినచో ఉలి మెత్తబడి, టేకుచెక్కలో నాలుగు తొలులు తొలుచునప్పటికి అంచు మడతపడును. ఈ తప్పు అంగడి బల్లమీద కంటికి కానరాదు. రెండు ఉలులును సమానముగనే మెరయుచుండును.

కంటికి కానరానిది చేతికి చిక్కదా యన్నచో, కొంత చిక్కును. అరిగిపోయిన పాత ఆకురాయి యొకటి జేబులో వేసికొనిపోయి, అంగడివాని అనుమతితో, ఉలి పక్క అంచున కొననుండి అంగుళము దూరములో ఒకసారి తేలికగా గీయుడు. ఆకురాయి గాజుమీద జారినట్లు జారిపోయినచో ఉక్కు గట్టిది. కరచి పొడి రాల్చినచో అది ఉలి ఆకారము ధరించిన ఇనుపబద్ద మాత్రమే. సానచక్రము దగ్గర మరియొక పరీక్ష కలదు. కర్బనము హెచ్చుగా గల ఉక్కునుండి లేచు నిప్పురవ్వలు చివరలయందు పగిలి చిన్న చిన్న నక్షత్రములవలె విచ్చుకొనును; మెత్తని ఇనుము రవ్వలు పొడవుగా తీగలు సాగి ఆరిపోవును. అంగడివాడు ఈ పరీక్షలకు సమ్మతింపనిచో, ఆ అసమ్మతియే ఒక సమాధానము.

ఉక్కునందలి ఈ గుణమునకై మనుష్యులు ఎంతటి దూరములు నడిచిరో తలచుకొన్న ఆశ్చర్యము కలుగును. నేటి నిజామాబాదు జిల్లాలోని కోనసముద్రమను పల్లెలో మట్టిమూసలయందు ఉక్కు దించుచుండెడివారు. లాంబ్టన్ దొరగారి భూమికొలతల బృందమున వైద్యుడుగను, భూగర్భశాస్త్రజ్ఞుడుగను పనిచేసిన వోయ్సీ యను ఆంగ్లేయుడు ఆ పనిని కన్నులార చూచి వ్రాసిన వివరణ, ఆయన మరణించిన పిమ్మట 1832లో బెంగాలు ఏషియాటిక్ సొసైటీ పత్రికయందు అచ్చుపడినది. రెండు వేరు వేరు తావులనుండి తెచ్చిన ఇనుములను పాళ్ళు చూచి కలిపి, మూసలో పెట్టి, మూతి బిగించి, రాత్రింబవళ్ళు తిత్తులూది కరగించుచుండిరని అందువలన తెలియుచున్నది. ఆ ఉక్కుముద్దలకై పారశీక వర్తకులు సముద్రము దాటి, దక్కను పీఠభూమి మెట్టలెక్కి, స్వయముగ ఆ పల్లెకు వచ్చుచుండిరి. పారశీకమునందలి ఇస్ఫహానులో కత్తి సాగదీయు కమ్మరికి చేతివాటము తక్కువయా? కాదు. ఎంతటి చేయి తిరిగిన కమ్మరియైనను, మూసలో జరుగవలసినది జరుగనిచో దాగలిమీద దానిని పూరింపజాలడు. అందుచేతనే ఆ వర్తకులు చేతిపనికై గాక లోహమునకై అంత దూరము వచ్చిరి.

ఇంగ్లండున షెఫీల్డు పట్టణమునందు జరిగిన కథ దీనికి తోబుట్టువు. 1740 ప్రాంతముల బెంజమిన్ హంట్స్‌మన్ అను గడియారముల పనివాడు, తన గడియారములలోని కమానులకు దొరకు ఉక్కు ఒకచోట గట్టిగను ఒకచోట మెత్తగను ఉండుటచూచి విసిగి, దానిని మూసలో సంపూర్ణముగా కరగించి సమరసము చేయు విధానమును సాధించెను. కాని ఆ ఊరి కత్తుల పనివారు దానిని ముట్టమనిరి. అది మిక్కిలి గట్టిది; సాగదీయుటకు శ్రమ హెచ్చు; పాత ఉక్కు సుఖముగా వంగుచుండగా ఈ బెడద మాకేలయనిరి. హంట్స్‌మన్ తన ఉక్కును ఫ్రెంచివారికి అమ్ముకొనెను. ఫ్రెంచి కత్తులు ఇంగ్లండు బజారులోనికి వచ్చి షెఫీల్డు కత్తులను వెనుకకు నెట్టిన తరువాతగాని ఆ ఊరివారి కనులు తెరువబడలేదు. చౌకయని మనము పట్టుకొని వ్రేలాడు వస్తువు ఒక్కొక్కప్పుడు చేయువాని సౌఖ్యమునకు చౌకగాని కొనువానికి కాదు.

అట్లని వెల హెచ్చినదెల్ల మంచి ఉక్కని భ్రమపడరాదు. దీనికి ప్రత్యక్షనిదర్శనము మన పల్లె కొలిమియందే కలదు. పాతబడిన లారీల కమాను పట్టీలను కమ్మరులు పాత ఇనుము ధరకు తెచ్చి, నరికి, కాల్చి, సాగదీసి, బాడిసలు, కొడవళ్ళు, గొడ్డళ్ళు, కొబ్బరి కత్తులు చేయుదురు. ఆ పట్టీయందు కర్బనము నూటికి అరపాలునకు కొంచెము హెచ్చుగా నుండును. దానితోపాటు మాంగనీసు, సిలికాను, లేక క్రోమియము పట్టీ రకమునుబట్టి చేరియుండును. అది లక్షలమార్లు వంగి లేచుటకై చేసిన లోహము. దాని గుణమునకు చెల్లింపవలసిన సొమ్మును లారీ కొన్నవాడు ఏనాడో చెల్లించినాడు. మనకు దక్కునది దాని వారసత్వము. సన్నని తొలిపనికి తగిన సూక్ష్మమైన పదును దానికి నిలువదుగాని, దెబ్బకు ఓర్చు పనిముట్టునకు అంతకుమించినది అద్దాల అంగడిలో దొరకుట దుర్లభము. అయితే లోహము మంచిదైనను పాయనము కమ్మరి కంటిలో నున్నది. కావున కొడవలిని చూచి గాక, కమ్మరిని చూచి కొనవలెను. మన రైతులకు ఈ సంగతి నేను చెప్పనక్కరలేదు; కోతలకు ముందు ఫలానా ఊరి కమ్మరి కొలిమికే పోవుదుమని పట్టుపట్టి, నడుమ రెండు కొలిములు దాటిపోవు వారిని ఎరుగనివారెవరు?

ఇక చేతిపని మాటకు వత్తము. మధ్యరకపు వెలకు దొరకు ఉలులలో పెక్కింటికి ఉక్కు మంచిదే. క్రోమియము, వెనేడియము కలిపిన ఆ ఉక్కు మొండిది. పదును కొంచెము తొందరగా పోవునుగాని పెళుసుబారి విరుగదు. వాని లోపమంతయు వీపునందు, అనగా ఏటవాలు లేని చదును పక్కయందు, ఉండును. యంత్రశాలలో త్వరత్వరగా గుడ్డచక్రముమీద మెరుగుపెట్టుటచేత, ఉలి వీపు అంచు దగ్గర కంటికి కానరానంత వంపు తిరిగి గుండ్రమగును. పదునన్నది రెండు సమతలములు కలియు రేఖయే గదా. ఒక తలము వంకరయైనప్పుడు రెండవదానిని ఎంత సానపట్టినను రేఖ కుదురదు. కొన్నవాడు ఏటవాలు పక్కనే రుద్ది రుద్ది, పదును రాలేదని ఉలిని తిట్టి, అటకమీద పడవేయును.

చేయవలసినది వేరు. కార్బోరండం రాయిని, వంకర లేనిదానిని, నీరో నూనెయో చల్లి బల్లమీద కదలకుండ ఉంచి, ఉలి వీపును దానిపై చదునుగా పరచి, రెండుచేతుల వ్రేళ్ళతో అదిమిపట్టి ముందునకు వెనుకకు నడపవలెను. నాలుగు నిముషములు గడచిన తరువాత తిప్పి చూచినచో, నడుమ పాత మెరుపు అట్లేయుండి, చుట్టును బూడిదరంగు గీతలు పడియుండుటయో, లేక అంచుమాత్రము రాతికి తగులక తళతళలాడుచుండుటయో కనబడును. ఆ తళతళలాడు భాగమే దోషము. అది పూర్తిగా మాసి, కొననుండి అంగుళము మేర ఒకే బూడిదవన్నె వచ్చువరకు రుద్దవలెను. అంతకు పైభాగముతో పనిలేదు. ఇది గంట పట్టవచ్చును, రెండు గంటలు పట్టవచ్చును, వ్రేళ్ళు నల్లబడును, విసుగు పుట్టును. పిమ్మట రెండవ పక్క ఏటవాలును సానపట్టి, వీపుమీద వ్రేలు అంచువైపునకు జార్చి చూచినచో సన్నని లోహపు మడత గోరునకు తగులును. ఆ మడత ఈ మూలనుండి ఆ మూలవరకు ఎడతెగక తగిలిననాడు పదును వచ్చినదని అర్థము. దానిని మెత్తని రాతిమీద వీపువైపు ఒకసారి, ముఖమువైపు ఒకసారి తేలికగా తీసివేసి, ముంజేతి వెండ్రుకలమీద పరీక్షింపుడు. వీపును చదునుచేయు శ్రమ ఆ ఉలి జీవితమునందు ఒక్కసారియే. వెలగల ఉలిని కొనువాడు చెల్లించు హెచ్చు సొమ్ములో పెద్ద భాగము ఈ రెండుగంటల కూలియే. తీరిక గలవాడు చౌక ఉలిని కొని కూలి మిగుల్చుకొనవచ్చును. తీరిక లేనివాడు కూలి చెల్లించి ఉలిని కొనవచ్చును. ఇందు గౌరవాగౌరవముల ప్రసక్తి లేదు.

మన పాత వడ్రంగులు ఈ న్యాయమును మాటలలో చెప్పకున్నను చేతలలో పాటించిరి. చిత్రిక కావలసివచ్చినప్పుడు వారు చిత్రికను కొనెడివారు కారు. చిత్రిక పలకను, అనగా ఇనుప అలుగును మాత్రము పేరుగల దానిని వెదకి కొని, దిమ్మెను తామే టేకుతోనో మరియొక గట్టి కర్రతోనో తొలుచుకొనెడివారు. ఉలిని పిడి లేకుండ కొని, పిడిని తుమ్మకర్రతో తమ చేతి లావునకు తగినట్లు చెక్కుకొనెడివారు. తమ చేతగానిదానికి సొమ్మిచ్చిరి. తమ చేతనైనదానికి చెమట యిచ్చిరి. నేడు దొరకు ఇనుపదిమ్మె చిత్రికల సంగతి కొంత చిక్కు. చౌకదానికి అడుగుభాగము సమముగా నుండదు. అలుగు రెండు మిల్లీమీటర్ల మందముండి, గట్టికర్రమీద వణకుచు గీతలు పెట్టును. అలుగును మోయు పీట సరిగా ఆనదు. మేలురకపు చిత్రికలను చేయువారిలో కొందరు, అడుగుభాగమున అంగుళములో వేయవవంతునకు ఒకటిన్నర రెట్లకు మించి ఎగుడుదిగుడు ఉండనీయరు. అలుగు మూడు మిల్లీమీటర్లకు పైబడిన మందముండును. చౌక చిత్రిక దిమ్మెను గరుకుకాగితముపై రుద్ది చదునుచేయవచ్చును; కాని అది ఉలివీపును రుద్దినంత తేలిక కాదు, ఒక దినపు పని. పీట వంకరను తీర్చుట మరింత కష్టము. నన్నడిగినచో, వడ్రంగము నేర్వగోరువాడు ఒక్క చిత్రిక విషయమున మాత్రము చేయి కొంచెము సాచుట మంచిదందును. లేదా పాత పద్ధతిని కొయ్యదిమ్మె తొలుచుకొనుట అంతకంటె మంచిదందును.

పదును ఎంతకాలము నిలుచుననునది ఉలినిబట్టియే కాక, కర్రనుబట్టియు నుండును. టేకు చేతికి మెత్తగా కోతకు లొంగును. కాని దాని కణములలో ఇసుకజాతి పదార్థమగు సిలికా కలదు. అది పనిముట్టు అంచును నిశ్శబ్దముగా అరగదీయును. కొండపల్లి బొమ్మలు చేయువారు వాడు తెల్ల పొణికి ఇందుకు కేవలము విపర్యయము. అది మిక్కిలి తేలికైనది, మృదువైనది. మెత్తని కర్రకు మొద్దు పనిముట్టు చాలునని తోచును. నిజము దానికి తలక్రిందు. గట్టికర్ర మొద్దు అంచును ఎదిరించి నిలుచును. మెత్తని కర్ర దానిక్రింద నలిగి, పీచులు లేచి, చీకిపోయినట్లగును. బొమ్మ చెక్కువాని చేతిలోని సాధనము వెల ఎంతయో మనకు తెలియనక్కరలేదు. అది ఎంత తరచుగా రాతిమీదికి పోవుచున్నదో చూచిన చాలును. ఆళ్ళగడ్డ మొదలైనచోట్ల నల్లరాయి చెక్కు శిల్పుల ఉలి మరియొక తీరు. ఆ రాతిమీద ఏ మొనయు పూట నిలువదు. కొన అరిగిన ఉలిని మరల కాల్చి, సాగదీసి, పాయనము పెట్టుట శిల్పి నిత్యకృత్యములలో నొకటిగా వచ్చినది. అచ్చట ఉలి ఆస్తి కాదు. బొగ్గువలె ఖర్చగు సరకు. నేడు టంగ్‌స్టన్ కార్బైడు మొనలు అతికిన ఉలులు వచ్చి ఆ శ్రమను చాలవరకు తప్పించినవి. వాని విషయమున వెల హెచ్చని గొణిగిన శిల్పి కొలిమిబొగ్గు లెక్క చూచుకొనవలెను.

రంపముల యందు చౌకవస్తువు పక్షమున నేను నిర్భయముగా వాదింతును. వెనుకటి రంపపు పలక మరీ గట్టిది కారాదు. మూడుపలకల ఆకురాయితో పండ్లు మరల తీర్చుకొనవలెను గదా. ఇప్పుడు బజారులో దొరకు చౌకరంపములలో కొన్నింటి పండ్ల కొనలు నీలికలసిన నల్లదనముతో నుండును; విద్యుత్తుచేత ఆ కొనలను మాత్రము క్షణకాలము కాల్చి మిక్కిలి గట్టిపరచినందువలన వచ్చిన వన్నె అది. ఆకురాయి వానిని కరవజాలదు. మొద్దువారిన తరువాత దానిని పారవేయవలసినదే; కాని మొద్దువారుటకు ముందు, సంవత్సరమునకు నాలుగు బద్దలు కోయు గృహస్థునకు అది ఎన్నియేండ్లో సేవచేయును. పండ్లు తీర్చుట నేర్వని వానికి వెలగల రంపము నిష్ఫలము. నేర్చినవానికి ఆ చౌకరంపము ఆత్మహానికరము. ఆకురాయి సంగతి మాత్రము వేరు. అది పనిముట్లన్నిటికిని గురువు. తనకు మరల పదును పెట్టించుకొనుట ఎరుగదు. చౌక ఆకురాయి పండ్లు మొదటివారముననే చదునై, ఇనుముమీద నునుపుగా పాకుచు, పనిచేయుచున్నట్లు నటించును. ఆకురాయిని, సానరాతిని కొనునప్పుడు లోభము పనికిరాదు. ఉలికి పెట్టిన సొమ్ముకంటె రాతికి పెట్టిన సొమ్ము హెచ్చైనను నేను తప్పుపట్టను.

సుత్తిని గూర్చి చెప్పవలసినది స్వల్పము. తల పిడినుండి ఊడి రాకున్నచో ఏ సుత్తియైనను సుత్తియే.

ఇంతవరకు లోపము పనిముట్టునందే నిలిచిపోవు సాధనములను చూచితిమి. లోపము పనిలోనికి పాకు సాధనములు కొన్ని కలవు. బోల్టు విప్పు పానానే చూడుడు. మెత్తని పానా దవడలు బలము పడినప్పుడు కొంచెము విచ్చుకొనును. ఆరు మూలల బోల్టు తల వానిలో జారి, మూలలు గుండ్రమగును. పానా వెల వంద. ఆ బోల్టును విప్పుటకు తరువాత వెల్డింగువానికి, డ్రిల్లింగువానికి, పోయిన దినమునకు చెల్లించునది వేరు లెక్క. స్క్రూడ్రైవరు మొనకును ఇదే న్యాయము. విద్యుత్తుపని చేయువాని పట్టకారు విషయమున ఇది న్యాయమేకాదు, ప్రాణసంకటము. వెయ్యి వోల్టుల వరకు తట్టుకొనునట్లు పరీక్షింపబడి, ఆ గుర్తు చెక్కబడిన పిడితొడుగు ఒకటి. ఎర్రని ప్లాస్టికు గొట్టమును ఊరకే తొడిగినది మరియొకటి. రంగు ఒకటే. ఇచ్చట పదిరెట్ల వెలయైనను బేరమాడరాదు.

కొలతల సాధనములకు ఈ భయము లేదు. వానిని ఉచితముగా పరీక్షింపవచ్చును. మూలమట్టమును కొనునప్పుడు అంచు సరళముగానున్న బల్లకు ఆనించి సన్నని గీత గీయుడు. మట్టమును బోర్లించి, అదే బిందువునుండి రెండవ గీత గీయుడు. రెండును ఒకటిగా కలిసిపోయినచో అది పావలా మట్టమైనను రత్నము. విడిపోయినచో బంగారు మట్టమైనను దండుగ. ఆ రెండు గీతల నడుమ ఎడములో సగమే దాని తప్పు. రసమట్టమును ఒకచోట పెట్టి బుడగ నిలిచిన తావు చూచి, అటుకొన ఇటు తిప్పి మరల అచ్చటనే పెట్టుడు. బుడగ మునుపటి తావుననే నిలువవలెను. ఈ సందర్భమున టేపు కొనునప్పుడు మనవారు తరచుగా చేయు ఒక అన్యాయమును చెప్పక మానలేను. టేపు కొననున్న కొక్కెము వదులుగా కదలుట చూచి, ఇది నాసిరకమని తిరిగి యిచ్చివేయుదురు. ఆ కదలిక దాని మందమంత మాత్రమే; బయటినుండి తగిలించి లాగినప్పుడును, లోపలినుండి గోడకు నెట్టినప్పుడును కొలత ఒకటే రావలెనని బుద్ధిపూర్వకముగా ఉంచినది. కదలని కొక్కెమే నాసిరకము.

పనిముట్ల బజారును పరికించినవానికి ఒక వింత తోచకమానదు. మిక్కిలి వెలగల ఉలులను కొనువారిలో పెక్కుమంది ఉలితో అన్నము తినువారు కారు. ఆదివారము మధ్యాహ్నము స్టూలు చేయవలెనని ఉబలాటపడు బ్యాంకి ఉద్యోగియో, విశ్రాంతి గైకొన్న ఇంజనీరో, అమెరికాలో గారేజిని వడ్రంగశాలగా మార్చుకొన్న మన కుర్రవాడో జపాను ఉలిని కొని, మెత్తని ఇనుముమీద గట్టి ఉక్కుపొర అతికిన దాని సొగసును పదిమందికి చూపించును. దినమంతయు సెంట్రింగుపని చేయు వడ్రంగి సంచిలో పిడి చీలిన చౌక ఉలియుండును. దీనిని చూచి నవ్వుట సులభము. కాని సెంట్రింగు చెక్కలో ఎచ్చట మేకు దాగియున్నదో ఎవరికి తెలియును? మిక్కిలి కఠినమైన ఆ జపాను ఉలి ఒక్క మేకు తగిలినచో అర్ధచంద్రాకారముగా పెచ్చూడును. చౌక ఉలి సొట్టపడి, రెండు నిముషముల సానతో మరల పనికి వచ్చును. పైగా పనిచోట ఉలి ఒక్కని చేతిలోనే యుండదు. "బావా, ఒక్క నిమిషం" అని తీసికొనిపోయినవాడు రంగుడబ్బా మూత లేపి తెచ్చి యిచ్చును. ఆ వడ్రంగి ఎన్నిక అజ్ఞానము కాదు; తన పనికి తగిన ఎన్నిక. అతడే వీణకాయ చెక్కువాడైనచో, బొబ్బిలి ప్రాంతమున ఒక్క పనసదుంగను తొలిచి ఏకాండి వీణ తీయువాడైనచో, తన ఉలిని తమ్మునికైనను ఇయ్యడు.

కొత్తగా నేర్చువానికి చౌకవస్తువుతో ప్రారంభింపుమని అందరును చెప్పుదురు. నాకది సమ్మతము కాదు. ఆడలేక మద్దెల ఓడన్నట్లు అను సామెతను మనము పనిరానివానిమీద విసరుచుందుము. అయితే మద్దెల నిజముగనే ఓడైన సందర్భములు లేకపోలేదు. ఆడుట ఎరిగినది ఒక్క తాళమునకే దానిని పసిగట్టును. ఎరుగనిది తన కాళ్ళదే తప్పనుకొని గజ్జెలు విప్పివేయును. నేర్చువానికి తన చేతి తప్పేదో, ఉలి తప్పేదో విడదీయు శక్తి ఇంకను రాలేదు. అట్టివానికి పండ్రెండు ఉలుల పెట్టె, అందు తొమ్మిది ఎన్నడును వెలుగు చూడనివి, కొనియిచ్చుటకంటె, అరంగుళపు మంచి ఉలి ఒక్కటి, మంచి రాయి ఒక్కటి, ఆ ఉలిని చేయితిరిగినవాడు ఒకసారి పదునుపెట్టి ఇచ్చినది చేతబెట్టుట మేలు. పదును ఎట్లుండునో వ్రేళ్ళకు తెలిసిన తరువాత వాడు చౌక ఉలినైనను ఆ మేరకు తేగలడు. తెలియకముందు ఏ ఉలియు వానికి పదునుగలది కాదు.

వెలకును గుణమునకును నడుమ ఒక సందు కలదు. ఓపిక గలవారు అందులో దూరవచ్చును. అది పాతసామాను. హైదరాబాదు జుమ్మెరాత్ బజారు వంటిచోట్ల తుప్పుపట్టిన ఇనుప కుప్పలలో పాత షెఫీల్డు ఉలి యొకటి దొరకు అవకాశము లేకపోలేదు. దానిపై కాస్ట్ స్టీల్ అను అక్షరములు చెక్కియున్నచో అది హంట్స్‌మన్ మార్గమున మూసలో కరగిన ఉక్కని గ్రహింపుడు. పైనున్న తుప్పును చూచి భయపడవలదు. పిడి లేదని చింతింపవలదు. వీపును తిప్పి, అంచు దగ్గరి అంగుళమును మాత్రము పరీక్షింపుడు. అచ్చట తుప్పు గుంటలు చేసియున్నచో, ఎంత రుద్దినను ఆ గుంట అంచునకు వచ్చినప్పుడెల్ల పదునులో పన్ను ఊడినట్లు ఖాళీ కనబడును, అట్టిదానిని వదలివేయుడు. తరువాత ఏటవాలును వ్రేలితో తుడిచి, తడిచేసి, ఎండకు పట్టిచూడుడు. ఆ కాలపు ఉలులలో కొన్నింటికి మెత్తని ఇనుముమీద ఉక్కుపొర అతికియుండును. రెంటి నడుమ సన్నని గీత, ఒకవైపు చిక్కని చాయ, ఒకవైపు లేత చాయ కనబడును. ఆ ఉక్కుపొర పొడవుగా పైకి సాగిపోయియున్నచో ఉలికి ఇంకను ఆయుర్దాయమున్నది. అంచు దగ్గరనే ఆగిపోయినచో ఆ ఉలి ఏ తాతగారి చేతిలోనో తన పని ముగించుకొన్నది. పొర మిగిలియున్నచో మీరు బేరమాడనక్కరలేదు; తుప్పు పట్టినది, పిడి లేనిది అని అంగడివాడే చెప్పి వెల తగ్గించును.